ఏ గుట్టకు?

ఉప్పల్ వైపు నుంచి వచ్చిన మెట్రో అమీర్‌పేటలో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం బిలబిలమంటూ దిగారు, తలుపులు మూసుకున్నాయి, బండి కదిలిపోయింది. అందులో చిలకమ్మ లేదు. అమ్మయ్య, అనుకుంది మంజూష. అనుకున్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. మే నెల ఎండలో జనగామ అవతలి పల్లె నుంచి బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, వాళ్లనీ వీళ్లనీ అడుక్కుంటూ మెట్రో ఎక్కి వస్తున్న అత్తగారు ఈ బండిలో కూడా రాలేదని సంబరపడే కోడలు ఎక్కడైనా ఉంటుందా? ఉంటుంది, ఎందుకుండదు, పై ప్లాట్‌ఫామ్ మీద ఇనుప బెంచీలో కూర్చుని, భుజాన కొడుకునేసుకుని, ఇక్కడే ఉంది. రిషిగాడు ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. మెలకువగా ఉన్నప్పుడు పన్నెండు కిలోలుండే పిల్లవాడు నిద్రపోయేసరికి ఇరవై ఎలా అవుతాడో ఆ దేవుడికే తెలియాలి. పుట్టిన దగ్గర్నుంచీ కత్తెర తగలని జుట్టు వాడిది. నడినెత్తిన రబ్బరు బ్యాండు పెట్టి ముడేసినా సగం జారిపోయి ఆమె గడ్డం కింద గిలిగింతలు పెడుతోంది. గొడవంతా ఆ జుట్టు గురించే. అత్తయ్యా, ఆయనకి సెలవు దొరకలేదండీ, ప్రయాణం ఆగిపోయింది. అంతే, ఆరు మాటలు. అత్తగారు దిగగానే, చేతిలో సంచి అందుకుంటూ, మొహంలో కాస్త దిగులు పెట్టుకుని ఈ ఆరు మాటలూ అనెయ్యాలి. మైత్రీవనం వెనక సందులో, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు మాట్లాడటం నేర్పే పంతులమ్మ ఆమె. తడబడకండి, కళ్లలోకి చూసి చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పకండి, చెబితే జీవితాంతం గుర్తుపెట్టుకోవాలి, అని పొద్దున్నే నలభై మందికి చెప్పి వచ్చింది. చెప్పేవి శ్రీరంగనీతులు.

తర్వాతి బండికి నాలుగు నిమిషాలని బోర్డు చూపిస్తోంది. నాలుగు నిమిషాలు చాలు కూనూరు వెళ్లి రావడానికి. మంజూష నెలరోజులుగా రోజూ వెళ్లొస్తూనే ఉంది, పాలు పొంగేలోపు ఒకసారి, కూతురు సంహిత స్నానం ముగించేలోపు ఒకసారి. అక్కడ ఒక వరండా ఉంటుంది. వరండాలో పేము కుర్చీ, దాని ఎడమ చేతి దగ్గర ఒక పేము పుల్ల విరిగి పైకి లేచి ఉంటుంది, చీర కొంగు పట్టుకుంటుంది జాగ్రత్త. కుర్చీ ఎదురుగా కొండ వాలంతా తేయాకు తోట, పచ్చగా, గుండ్రంగా కత్తిరించిన పొదలు, వాటి మీద పొగమంచు పాకుతూ వచ్చి వరండా మెట్ల దగ్గర ఆగుతుంది. చేతిలో కప్పు. కప్పులో టీ. ఆ టీ వేడిగా ఉంటుంది, అదీ అసలు సంగతి. మూడేళ్లయింది ఆమె వేడి టీ తాగి. పెట్టుకుంటుంది, ఒక గుక్క తాగుతుంది, అమ్మా, అంటాడు రిషి. దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది, అమ్మా నా పెన్సిలు, అంటుంది సంహిత. చివరికి ఏ పదకొండింటికో గట్టు మీద మీగడ కట్టిన కప్పు కనపడితే అసలు ఇది ఈవేళ్టిదా నిన్నటిదా అని వాసన చూసుకోవలసి వస్తుంది. కూనూరులో అలా కాదు. అక్కడ ఎవరూ అమ్మా అనరు. పిల్లలు తోటలో ఎక్కడో ఆడుకుంటుంటారు, పడరు, కొట్టుకోరు, మట్టి తినరు. ఆ పిల్లలు ఎవరి పిల్లలో మరి.

ఫోనులో ఒక కాగితం తెరిచి ఆ ప్రయాణానికి నిమ్మళం అని పేరు పెట్టుకుంది. చూడవలసిన చోట్లు, అని రాసి, దాని కింద ఏమీ లేవు అని రాసింది. పొద్దున్నే లేవకూడదు. వ్యూపాయింట్ అనే మాట ఎవరూ ఎత్తకూడదు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, మూడు రాత్రులు. కోయంబత్తూరు దాకా రైలు, ఆ పక్క ఊళ్లో కొండెక్కే బుల్లి రైలు, దానికి పిల్లలు కేరింతలు కొడతారు, ఆ తర్వాత ఇంకేమీ లేదు, కూర్చోవడమే. భర్త విజయేందర్ అది చదివి నవ్వాడు. "గిది ప్లానా, ప్లాన్ లేకపోవుడా?" అన్నాడు. నిమ్మళం అనే మాట తణుకులో లేదు. ఉండే ఉంటుంది, వాళ్లింట్లో మాత్రం ఎవరూ వాడగా వినలేదు. పెళ్లయిన కొత్తలో, కంచంలో అన్నం గబగబా కలిపేసుకుని మింగుతుంటే ఎదురుగా కూర్చున్న చిలకమ్మ, "నిమ్మళంగ తిను బిడ్డా, యాడికి ఉరుకుతున్నవు?" అంది. ఎక్కడికి ఉరుకుతోందో మంజూషకు తెలియలేదు. ఇరవై ఆరేళ్లపాటు తనను అలా ఎవరూ అడగలేదని మాత్రం ఆ ముద్ద గొంతులో ఉండగానే తెలిసింది.

వాళ్ల నాన్న హనుమత్ప్రసాద్‌గారికి వాచీయే దైవం. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ప్యాకేజీ బస్సులో ఊటీ తీసుకెళ్లాడు. ఒక్కరోజులో పదకొండు చోట్లు. ప్రతి చోటా బస్సు ఆగగానే, పదండి పదండి, పన్నెండు నిమిషాలే టైము, అంటూ చప్పట్లు కొట్టేవాడు. అమ్మ అరుణాదేవి తెల్లవారుజామున మూడింటికి లేచి హోటలు గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద పులిహోర కలిపింది. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆమెకు కడుపులో తిప్పేది. కమలాపండు తొక్క ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, కిటికీకి తల ఆనించుకుని కూర్చునేది. అందరూ దిగి పరుగెత్తితే సంచులకూ చెప్పులకూ కాపలాగా బస్సులోనే ఉండిపోయేది. అమ్మా నువ్వు చూడలేదేం, అంటే, బస్సులోంచి చూశాలేవే, మీరు వెళ్లండి, అంది. ఆల్బంలో ఇరవై మూడు ఫొటోలున్నాయి ఊటీవి, ఒక్కదాంట్లోనూ అమ్మ లేదు. ఇప్పటికీ ఎవరైనా ఊటీ మాటెత్తితే అరుణాదేవి ముందుగా, అబ్బ, ఆ కమలాపండు వాసన, అంటుంది. అందరూ నవ్వుతారు. మంజూష కూడా నవ్వేది. తనకు పిల్లలు పుట్టాక ఆ మాటకు నవ్వు రావడం మానేసింది.

బండి వచ్చింది. మంజూష లేచి నిలబడింది, భుజం మార్చుకుంది. తెల్ల జుట్టు, ముతక చీర, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. లేదు, ఎవరో వేరే ఆవిడ. ప్లాట్‌ఫామ్ మీద అటూ ఇటూ తిరుగుతున్న సెక్యూరిటీ అమ్మాయి ఈసారి దగ్గరికొచ్చి, "పాప పండుకున్నదా మేడం? జర గీత అవతల నిలవడుండ్రి," అంది. పాప కాదు బాబు, అనే ఓపిక కూడా లేదు మంజూషకు. రోజుకు నలుగురు అంటారు. మొక్కు జుట్టండీ, అంటే వెంటనే అర్థమైపోతుంది జనానికి, ఏ దేవుడికి, అని అడుగుతారు. గుట్టకి, అంటుంది.

గుట్ట. ఎంత తిప్పలు పెట్టిందీ మాట! తణుకులో గుట్ట అంటే పోగు. ఉతకాల్సిన బట్టల గుట్ట, దిద్దాల్సిన పేపర్ల గుట్ట. ఎక్కేవి కొండలు. డిగ్రీ అయ్యి, కోర్సు నేర్చుకుందామని ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగిన వారానికి, పంజాగుట్ట అన్న బోర్డు చూసి, ఏం పోగేశారో ఇక్కడ, అనుకుని దిక్కులు చూసింది. పెళ్లయ్యాక ఒక ఆదివారం చిలకమ్మ, "గుట్టకు పోవాలె బిడ్డా, మస్తు దినాలాయె," అంటే, పరుపు మీద వారం రోజుల బట్టలు పడున్నాయి, అవి చూసి పాపం సిగ్గుతో చచ్చిపోయి, ఇప్పుడే మడతపెట్టేస్తానండీ అత్తయ్యా, అంది. ఆ కథ విజయేందర్ బంధువుల్లో నేటికీ ప్రతి పెళ్లిలోనూ చెప్పుకుంటారు. గుట్ట అంటే కొండ, ఒట్టినే గుట్ట అంటే నరసింహస్వామి యాదగిరిగుట్ట, ఇంక వేరే ఏదీ కాదు. మొన్న సంహిత, నాన్నా, పంజాగుట్టలో గుట్టేది, అని అడిగితే, మనం దాని మీదనే ఎక్కి కూసున్నం గద, గందుకే కనవడ్తలేదు, అన్నాడు విజయేందర్. ఆ పిల్ల ఆరోజంతా ఇంట్లో మెల్లగా, మునివేళ్ల మీద నడిచింది, గుట్టకు నొప్పి పుడుతుందట.

ఫోను చేసింది కూడా ఆ విజయేందరే. కిందటి శనివారం, వంటింట్లో, స్పీకరు పెట్టి. "అమ్మా, గీ వారం గాక పై వారం గురువారం సంది నాలుగు రోజులు సెలవు వెట్టిన. పిల్లలను తీస్కొని గుట్టలకు పోతున్నం." అవతల చిలకమ్మ గొంతు, సంతోషంతో పగిలిపోతూ, "ఎంత మంచి మాట చెప్పినవు కొడుకా! పోరి పెండ్లయినంక ఎన్నడన్న నిమ్మళంగ కూసున్నదా? నేను శనివారం వస్త. రిషిగాని తల సంగతి నేను చూసుకుంట, కోడలిని ఫికర్ చెయ్యొద్దను," అని పెట్టేసింది. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల సంగతి! నెలరోజులుగా ఆవిడ చెబుతూనే ఉంది, రిషికి మూడేళ్లు నిండకముందే పుట్టువెంట్రుకలు గుట్ట మీద ఇవ్వాలి, పంచాంగంలో ఆ గురువారం నుంచి ఆదివారం దాకానే మంచిది, తర్వాత మూఢం, మూఢం పోయేసరికి మూడు నిండి నాలుగో ఏడు వచ్చేస్తుంది, సరి సంవత్సరం పనికిరాదు, ఇక ఐదో ఏటే. గుళ్లో ఇచ్చేదానికి ముహూర్తమేంటండీ, అని మంజూష ఒకసారి అనబోతే, పెద్దావిడ చెవిన వేసుకోలేదు. గుట్ట అంటే పోనీ ఒక పూట పనా? సంహితప్పుడు చూసింది కదా. తణుకు నుంచి మేనమామ తారక్ రావాలి, అటువైపు నలభై మంది రావాలి, సత్రంలో రెండు రాత్రులు, తిరిగొచ్చి ఊళ్లో విందు, నాలుగో రోజుకు మంజూష గొంతు పోయి, విజయేందర్ సెలవు అయిపోయి, ఆఫీసుకు పరుగు. మళ్లీ సెలవంటే దసరాకే.

"చెప్పరేం, ఆవిడ ఆ గుట్ట అనుకుంటున్నారు!" అంది మంజూష. "నేనేం అబద్ధమాడలె. గుట్టలకు అనే అన్న," అన్నాడాయన, ఉల్లిపాయ కోస్తూ. ఆ పైన ఆయనే ఉపాయం చెప్పాడు. సెలవు క్యాన్సిల్ అయిందని అమ్మకు చెప్పి, రెండు రోజులుంచుకుని పంపించేసి, గప్‌చుప్‌గా కూనూరు పోయొద్దాం. ఎవరు చెప్పాలి? "నువ్వే చెప్పు మంజూ. నీ మాటయితే ఇంటది. నా మొఖం చూస్తె దొరుకవడుత." మగమహారాజు, తల్లి దగ్గర అబద్ధం ఆడలేడు, ఆడించగలడు. సంహితకు కూడా నేర్పారు, సర్దిన సంచులు చూసి నానమ్మ అడిగితే, నాన్న లేకుండా మనం తణుకు వెళ్తున్నామని చెప్పాలమ్మా, అని. ఆ పిల్ల బుద్ధిగా తలూపి, కాసేపాగి, "అమ్మా, తణుకులో గుట్టలుంటాయా?" అంది. ఆరేళ్ల పిల్ల చేత ఆడించబోయే మొదటి అబద్ధం, అదీ నానమ్మతో. ఒక్క కప్పు టీ కోసం. మంజూషకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అయినా టికెట్లు క్యాన్సిల్ చెయ్యలేదు. చెయ్యలేకపోయింది. ఈ నాలుగు రోజులూ పోతే తనలో ఏదో పుటుక్కున తెగుతుందని ఆమెకు నిజంగానే భయం. ఎవరికైనా చెబితే నవ్వుతారు, నీకేం తక్కువమ్మా, అంటారు. ఏమీ తక్కువ లేదు. అన్నీ ఎక్కువే.

మరో బండి. చిలకమ్మ లేదు. ఫోను చేస్తే, "ఎక్కిన బిడ్డా, కూసునే జాగ సుత ఇచ్చిండ్రు," అంటోంది ఆవిడ, వెనక ఎవరో ఏడుస్తున్న పసివాడి గొంతు, తదుపరి స్టేషన్ అంటూ ఏదో. అయితే ఇంకో పావుగంట. ఎండ గాజు పలకల మీద నుంచి పక్కకు వాలింది, కింద రోడ్డు మీద హారన్లు దూరంగా, నీళ్లలోంచి వినపడుతున్నట్టున్నాయి. ఎదురుగా మేడ మీద కోర్సుల హోర్డింగుల మధ్య ఎవరో దుప్పటి ఆరేశారు, తెల్లది, గాలికి ఉబ్బి మెల్లగా దిగుతోంది. పొగమంచు. వరండా మెట్ల దాకా వచ్చి ఆగింది. రిషి ఊపిరి మెడ మీద వెచ్చగా తగులుతోంది, లోపలికి, బయటికి, లోపలికి, బయటికి. ఈ ఊపిరిని లెక్కపెట్టుకుంటూ కూర్చున్న రోజులున్నాయి. ఏడో నెలలోనే పుట్టేశాడు. పంజాగుట్టలో ఆస్పత్రి, గాజు పెట్టె, ఇరవై రెండు రోజులు. అరచేయంత మనిషి. తల మీద మాత్రం అప్పుడే బారెడు జుట్టు, మిగతా ఒంటికంతా పోయవలసిన ప్రాణం జుట్టుకే పోసినట్టు. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి అద్దంలోంచి చూడనిచ్చేవారు.

కారిడార్లో నేల మీద చాప పరుచుకుని ఇరవై రెండు రోజులూ కూర్చుంది చిలకమ్మ. ఇంటికి పొమ్మంటే పోలేదు. ఆవిడకు ఛాయి అంటే ప్రాణం. లేవగానే ఒకటి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఒకటి, ఎవరైనా వస్తే వాళ్లతో ఒకటి, ఎవరూ రాకపోతే ఎవరూ రాలేదని ఇంకొకటి. తొమ్మిదో రోజు సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, ఈ రాత్రి గడవాలమ్మా, అని వెళ్లిపోయాడు. విజయేందర్ క్యాంటీను నుంచి తల్లికి ఛాయి గ్లాసు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. మొహం దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత నేల మీద పెట్టేసి, పైకి చూసి, "నర్సింహసామీ, వీని ఎంటికలు నీ గుట్ట మీద ఇచ్చేదాంక ఛాయి ముట్ట," అంది. అంతే. బంగారం మొక్కుకునేవాళ్లుంటారు, వెండి కళ్లు మొక్కుకునేవాళ్లుంటారు. ఆవిడ దగ్గర అవేవీ లేవు, ఉన్నదాంట్లో అన్నిటికన్నా ఇష్టమైనది తీసి అవతల పెట్టేసింది. రాత్రి గడిచింది. మూడేళ్లు కూడా గడుస్తున్నాయి. పెళ్లిళ్లలో, చావుల్లో, ఊళ్లో అరుగుల మీద, ఎవరు బలవంతం చేసినా చిలకమ్మ ఛాయి ముట్టలేదు. వద్దులే, మొక్కున్నది, అంటుంది.

ఇదంతా మంజూషకు తెలియదా? తెలుసు. తెలిసే ఆ ఆరు మాటలూ తయారుచేసుకుంది. తెలిసి చేసేదాన్ని ఏమంటారో కూడా తెలుసు. అయినా ఆమె మీద ఆమెకు వచ్చిన కోపం ఎటో దారితప్పి, ఎప్పుడూ అత్తగారి మీదికే పోతుంది. చూడు, తను టీ పెట్టుకున్నప్పుడే వస్తుందావిడ వంటింటి గడప దగ్గరికి. అంతసేపూ హాల్లో కూర్చున్న మనిషి, గిన్నెలో అల్లం పడిందో లేదో, వచ్చి తలుపు పట్టుకుని నిలబడి ఏదో ఒక మాట మొదలుపెడుతుంది. ఊళ్లో ఎదురింటి సుకన్యకు దగ్గు తగ్గలేదనో, పక్కింటోళ్ల బర్రె ఈనిందనో. టీ మరిగి, వడగట్టడం అయ్యేదాకా కదలదు. నాకు ఆ ఐదు నిమిషాలైనా మిగల్చదు కదా ఈవిడ, అని ఎన్నిసార్లు పళ్లు నూరుకుందో. పొగమంచు మెట్లెక్కింది. పేము కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు, వీపు కనపడుతోంది. అమ్మా నువ్వా, అని దగ్గరికి వెళితే అమ్మ కాదు, చేతిలో కమలాపండు తొక్క మాత్రం ఉంది. అబ్బ ఆ వాసన. మీరు వెళ్లండి, నేను బస్సులోంచి చూస్తా, అంటోంది ఆ మనిషి, వెనక్కి తిరక్కుండానే. ఎక్కడో పిల్లలు కేరింతలు కొడుతున్నారు, బుల్లి రైలు వస్తోంది, వస్తోంది...

"మంజూ! బిడ్డా!"

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. బండి వచ్చి నిలబడే ఉంది, జనం అటూ ఇటూ పరుగెడుతున్నారు, వాళ్లందరి మధ్యా చిలకమ్మ, ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో జిప్పు సంచి. "చెప్పులెందుకు విప్పారు అత్తయ్యా!" అంది మంజూష, నేర్చుకున్న ఆరు మాటల బదులు. "గంత తళతళ మెరుస్తున్నది రైలు, చెప్పులతోని ఎట్లెక్కుత?" అంటూ ఆవిడ బెంచీ మీద కూలబడి, చెప్పులు కింద పెట్టి, నిద్రపోతున్న మనవడి పాదం పట్టుకుని కళ్లకద్దుకుంది. మొహమంతా చెమట. మంజూష నీళ్ల సీసా ఇచ్చింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, సంచి అందుకుంటూ. కళ్లలోకి చూసి. అత్తయ్యా, ఆయనకి...

చిలకమ్మ అప్పటికే సంచి జిప్పు లాగింది. పైన సకినాల పొట్లం, దాని కింద దేవుడి పసుపు బట్టలేమో అనుకుంది మంజూష. కాదు. ఎర్రటి ఉన్ని టోపీ. మెడ దాకా దిగే మంకీ క్యాపు, పైన బుడిపెలాగా పొడుచుకొచ్చిన ఇంకో చిన్న గూడు. "సుకన్యతోని అల్లిపిచ్చిన," అంది చిలకమ్మ, దాన్ని రిషి తలకు అటూ ఇటూ ఆనించి చూస్తూ. "జుట్టు ముడి పట్టాలె గద, గందుకని మీద గీ గూడు పెట్టమన్న. చలి గుట్టలల్ల పోరనికి చెవులల్లకు గాలి సొస్తది. చెప్పిన గద, వీని తల సంగతి నేను చూసుకుంటనని."

"అత్తయ్యా... మీరు గుట్ట అంటే... మన గుట్ట అనుకోలేదా?"

"గుట్టలు అన్నడు గదనే ఇజ్జిగాడు. నర్సింహసామి గుట్ట ఒక్కటే ఉంటది. దానికి 'లు' ఎందుకు వెడ్తడు?" చిలకమ్మ నవ్వింది. "సదువు రాదు గని, నాకు చెవుడు లేదు బిడ్డా."

"మరి మొక్కో? ముహూర్తం దాటిపోతుంది కదా!"

"దేవుడు యాడికి పోతడు? గుట్ట మీదనే ఉంటడు. పోరలు ఆగరు, పెద్దగయితరు. నువ్వు సుత ఆగలేవని నీ మొఖం చూస్తె ఎర్కయితలేదా నాకు? ఐదో ఏట ఇద్దాం తియ్." అలా అనేసి, ఎర్రటోపీని మడతపెట్టి కోడలి ఒళ్లో పెట్టింది. ఐదో ఏడు. అంటే ఇంకో ఏడాదికి పైనే ఛాయి లేదు. ఆవిడ ఆ లెక్క అనలేదు, అననవసరం లేదు. మంజూష ముక్కు పుటాలు అదిరాయి, కళ్లల్లోంచి నీళ్లు ఉన్నట్టుండి బొటబొట కారి ఆ టోపీ మీద పడ్డాయి. చుట్టూ జనం, సెక్యూరిటీ అమ్మాయి ఇటే చూస్తోంది, చూడనీ.

"అత్తయ్యా, నేను మీతో అబద్ధం చెబుదామని వచ్చానండీ. ఆయనకి సెలవు లేదని. మిమ్మల్ని ఊరికి పంపేసి దొంగచాటుగా వెళ్దామని. సంహితకు కూడా నేర్పాను."

ఎదురుగా పట్టాల అవతల దుప్పటి గాలికి లేచింది, దిగింది. చిలకమ్మ మొహంలో ఒక నీడ వచ్చిన మాట నిజమే, మంజూష చూసింది. తర్వాత ఆవిడ కొంగు తీసి ముందు తన మొహం, తర్వాత కోడలి మొహం తుడిచింది. "చెప్పకపోతివి గద," అంది. "ఇజ్జిగాని పని నేను చూస్త ఇంటికి పోయినంక. లే, ఇంగో రైలు ఎక్కాలెనంటివి."

కింది ప్లాట్‌ఫామ్‌కు దిగాలి, పంజాగుట్టకు ఒక్క స్టేషనే. మెట్ల బండి అంటే ఆవిడకు భయం, అందుకని మామూలు మెట్లే దిగారు, నిమ్మళంగా, ఒక్కో మెట్టూ. చిలకమ్మ ఒక చేత్తో పక్క కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో రిషి కాలు పట్టుకుని నడుస్తోంది, వాడేదో పడిపోతాడన్నట్టు. సగం మెట్ల దగ్గర మంజూష ఆగింది. ఆ వరండా, ఆ కుర్చీ, నెలరోజులుగా తనొక్కతే కూర్చున్న కుర్చీ. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ ఏకాంతం పోతుంది, ఇక ఎప్పటికీ రాదేమో కూడా. తెలుసు. తెలిసే నోరు తెరిచింది.

"మీరూ రండి అత్తయ్యా. కూనూరుకి. టికెట్టు ఈ రాత్రికే చేయిస్తాను."

"నేనెందుకు బిడ్డా? నీ చెయ్యి తీరికయితదంటే వస్త. పోరలను నేను ఆడిపిస్త, నువ్వు కూసుందువు." ఇంకో మెట్టు దిగి, అడిగింది, "ఏముంటయి గా గుట్టల మీద?"

మంజూషకు చెప్పడానికి భయం వేసింది. "తేయాకు తోటలండీ. కొండ మీద మొత్తం అవే. ఎటు చూసినా ఛాయే." చిన్నగా అంది, "పోనీ ఇంకో చోటు చూద్దాం. మీ ముందర నేను కూర్చుని తాగలేను."

"ఎందుకు? దినాం తాగుతలేవా?" చిలకమ్మ చిన్నపిల్లలా నవ్వింది. "నువ్వు అల్లమేసి ఛాయి మరగబెట్టేటప్పుడు గడపకాడికొచ్చి నిలవడ్త గద నేను, దేనికనుకున్నవు? నీ తోని ముచ్చట పెట్టెతందుకా?"

మంజూష ఆగిపోయింది. కింద ప్లాట్‌ఫామ్ మీదికి రైలు వస్తోంది, మెట్లన్నీ సన్నగా అదురుతున్నాయి. రిషి భుజం మీద కదిలి, కళ్లు తెరవకుండానే, "అమ్మా" అన్నాడు.

"ఇటియ్యి పోరన్ని," అంది చిలకమ్మ చేతులు చాపుతూ. "గా గుట్టల మీద నువ్వు నిమ్మళంగ కూసోని తాగు బిడ్డా. నేను పక్కన కూసోని వాసన చూస్త."